జాతీయ ఎన్నికల్లో పార్టీ ఏ ప్రాంతాల మీద దృష్టి పెట్టాలి? లెక్క మొదలుపెట్టే దగ్గర్నుంచి జాబితా ఖరారయ్యే దాకా

1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన రిచర్డ్ నిక్సన్ మొత్తం 50 రాష్ట్రాలూ తిరుగుతానని మాట ఇచ్చాడు. మధ్యలో మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చి దాదాపు రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. అయినా మాట తప్పలేదు. పోలింగ్ ఇంకా రెండు రోజులే ఉందనగా, 3 ఎలక్టోరల్ ఓట్లున్న అలాస్కాకు విమానమెక్కాడు (రాష్ట్రానికి ఇన్ని చొప్పున ఉండే ఈ ఓట్లే అధ్యక్షుడెవరో తేలుస్తాయి). 27 ఎలక్టోరల్ ఓట్లున్న ఇల్లినాయిలో 9 వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అలాస్కా వెళ్ళినందుకే ఎన్నిక పోయిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ చివరి రెండు రోజుల్లో నాయకుడు ఎక్కడ ఉండాలో ఎన్నికల లెక్క చెప్పాలి, వేదిక మీద ఎప్పుడో ఇచ్చిన మాట కాదు.

ఏ పార్టీకైనా డబ్బు, మనుషులు, నాయకుడి సమయం, ఈ మూడూ కొలతకే దొరుకుతాయి. ఒక నియోజకవర్గంలో పెట్టిన కార్యకర్త ఇంకో చోట లేనట్టే. అందుకే ప్రాంతాల ఎంపిక అంటే ఎక్కడ గట్టిగా పనిచేయాలో, ఎక్కడ తక్కువతో సరిపెట్టుకోవాలో ముందే ఒప్పుకోవడం. రెండో సగమే కష్టం. చాలా పార్టీలు అక్కడే తడబడతాయి, ఎందుకంటే "మీ జిల్లా ఈసారి జాబితాలో లేదు" అని సొంత మనిషికి చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు.

1. ముందు ఓటు సీటుగా ఎలా మారుతుందో చూడండి

అన్ని లెక్కలకూ ఇదే పునాది. నియోజకవర్గానికి ఒక సీటు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే విజేత అనే పద్ధతిలో ఓట్లు ఎన్ని వచ్చాయన్నదాని కంటే ఎక్కడ వచ్చాయన్నది ముఖ్యం. 2015 బ్రిటన్ ఎన్నికల్లో యూకే ఇండిపెండెన్స్ పార్టీ (యూకిప్) దేశం మొత్తం మీద 12.6 శాతం ఓట్లు తెచ్చుకుని ఒకే ఒక్క సీటు గెలిచింది. అదే ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 స్థానాల్లోనే పోటీ చేసిన స్కాటిష్ నేషనల్ పార్టీకి దేశవ్యాప్తంగా చూస్తే 4.7 శాతమే వచ్చింది, కానీ 56 సీట్లు వచ్చాయి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బహుజన్ సమాజ్ పార్టీ 4 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని కూడా ఖాతా తెరవలేదు. ఓట్లు పలచగా పరుచుకుంటే ఇలాగే ఉంటుంది.

వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పార్టీలకు సీట్లు పంచే దామాషా పద్ధతి ఉన్న దేశాల్లో లెక్క వేరు. నెదర్లాండ్స్ దిగువ సభలోని 150 సీట్లకు దేశమంతా ఒకే నియోజకవర్గం లాంటిది, కాబట్టి ఓటు ఏ మూల నుంచి వచ్చినా విలువ ఒకటే. అక్కడ అడగాల్సిన ప్రశ్న "ఏ సీటు గెలవగలం" కాదు, "పెట్టిన శ్రమకు ఎక్కువ ఓట్లు ఎక్కడ దొరుకుతాయి" అన్నది. స్పెయిన్‌లోనూ దామాషా పద్ధతే, కానీ సీట్లు ప్రావిన్సుల వారీగా పంచుతారు. మాడ్రిడ్ లాంటి పెద్ద ప్రావిన్సులో చిన్న పార్టీకి కూడా చోటు దొరుకుతుంది. రెండు మూడు సీట్లున్న ప్రావిన్సులో నాలుగో స్థానంలో వచ్చిన పార్టీకి పడ్డ ఓట్లన్నీ వృథా. పేరుకు ఒకే పద్ధతి అయినా ప్రాంతాన్ని బట్టి ఓటు విలువ మారిపోతుంది.

జర్మనీ ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. అక్కడ ఓట్ల శాతం లెక్కన పార్టీకి సీట్లు రావాలంటే 5 శాతం ఓట్లు దాటాలి, లేదా కనీసం మూడు నియోజకవర్గాలు నేరుగా గెలవాలి. 2021లో వామపక్ష పార్టీ డీ లింకె 4.9 శాతం దగ్గర ఆగిపోయింది. కానీ బెర్లిన్‌లో రెండు, లైప్జిగ్‌లో ఒకటి గెలవడంతో 39 మంది సభ్యులతో పార్లమెంటులో అడుగుపెట్టింది. మూడు నియోజకవర్గాలు ఒక పార్టీ మొత్తాన్ని నిలబెట్టాయి. ఎన్నికల చట్టంలో ఇలాంటి తలుపు ఎక్కడుందో వెతకడం మీ మొదటి పని. చట్టం చదవకుండా మ్యాప్ ముందు కూర్చోకండి.

2. ఈ ఎన్నికలో మీకు ఏం కావాలో ఒక అంకెలో రాయండి

"మంచి ఫలితం" అనేది లక్ష్యం కాదు. ప్రభుత్వం ఏర్పాటు చేయాలా? అయితే లోక్‌సభలో 543కి 272, బ్రిటన్ దిగువ సభలో 650కి 326 కావాలి. సంకీర్ణంలో బేరమాడే స్థాయి చాలా? ఉన్న సీట్లు కాపాడుకుంటే చాలా? చట్టపరమైన గుర్తింపు కావాలా? భారత్‌లో జాతీయ పార్టీ హోదాకు ఉన్న మార్గాల్లో ఒకటి, లోక్‌సభ సీట్లలో 2 శాతం, అంటే 11 సీట్లు, కనీసం మూడు రాష్ట్రాల నుంచి గెలవడం. ఆ దారిలో వెళ్ళే పార్టీ ఒకే రాష్ట్రంలో 15 గెలిచినా హోదా రాదు. లక్ష్యం మారితే జాబితా మారుతుందనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

ఈ అంకెను నాయకత్వం చేత రాతపూర్వకంగా ఒప్పించండి. లేకపోతే నామినేషన్ల వారం వచ్చేసరికి ఒక్కొక్కరి మనసులో ఒక్కో లక్ష్యం ఉంటుంది.

3. పాత ఫలితాలు సేకరించండి, కానీ కళ్ళు మూసుకుని నమ్మకండి

కనీసం గత మూడు జాతీయ ఎన్నికల ఫలితాలు కావాలి. నియోజకవర్గం స్థాయిలో ఆగిపోకుండా బూత్ స్థాయికి దిగండి. భారత్‌లో ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు ఉంటాయి. మొత్తం మీద 35 శాతం వచ్చిన చోట కూడా కొన్ని బూత్‌లలో 60, కొన్నింటిలో 10 ఉంటాయి. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తేనే చేయాల్సిన పని తెలుస్తుంది.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, సరిహద్దులు మారిన సంగతి మరచిపోవడం. పునర్విభజన జరిగిన తర్వాత పేరు పాతదే ఉండొచ్చు, ఓటర్లు వేరు. 2024లో బ్రిటన్ కొత్త సరిహద్దులతో ఎన్నికలకు వెళ్ళింది. అందుకే 2019 ఓట్లను కొత్త సరిహద్దుల్లోకి సర్దిన అంచనా ఫలితాలతోనే పోల్చుకోవాల్సి వచ్చింది. మీరూ బూత్‌లను కొత్త సరిహద్దుల్లోకి మార్చి లెక్క మళ్ళీ వేసుకోండి.

రెండోది, స్థానిక ఎన్నికల ఫలితాన్ని జాతీయ ఎన్నికలకు అంటగట్టడం. ఢిల్లీలో 2014, 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఏడుకు ఏడూ భారతీయ జనతా పార్టీ గెలిచింది. అదే ఓటర్లు 2015 అసెంబ్లీ ఎన్నికల్లో ఆమ్ ఆద్మీ పార్టీకి 70లో 67, 2020లో 62 ఇచ్చారు. జనం ఏ ఎన్నికకు ఆ ఎన్నికగా ఆలోచిస్తారు.

మూడోది, గాలి వీచిన ఒక్క ఎన్నికను పట్టుకుని అదే మన అసలు బలం అనుకోవడం. ప్రతి నియోజకవర్గంలో మీ ఓటు శాతాన్ని అప్పటి మీ దేశవ్యాప్త సగటుతో పోల్చండి. సగటు కంటే ఎక్కువ తేడా మూడు ఎన్నికల్లోనూ కనబడితే అది నిజమైన బలం. ఒక్కసారే కనబడితే అభ్యర్థి వల్ల వచ్చిందో, ప్రత్యర్థుల చీలిక వల్ల వచ్చిందో విచారించాలి.

4. తేడాను మనుషుల లెక్కలోకి మార్చండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగండి. మీటింగుల్లో "ఆరు శాతంతో పోయింది" అంటారు. ఆ మాట వల్ల పని ఎంతో ఎవరికీ తెలియదు.

10 లక్షల ఓట్లు పోలైన ఒక నియోజకవర్గం తీసుకుందాం. ప్రత్యర్థికి 46 శాతం, మీకు 40, మిగతావాళ్ళందరికీ కలిపి 14. తేడా 60 వేలు. ప్రత్యర్థికి ఓటేసినవాళ్ళలో 30 వేల మందికి పైగా మీ వైపు వస్తే గెలుస్తారు. ఒక్కొక్కరు మారితే అక్కడ ఒకటి తగ్గుతుంది, ఇక్కడ ఒకటి పెరుగుతుంది, తేడా రెండు తగ్గుతుంది. అదే పోయినసారి ఇంట్లో కూర్చున్నవాళ్ళను బూత్‌కు తేవాలంటే 60 వేల మందికి పైగా కావాలి. మూడో పార్టీ ఓటర్లను తెచ్చుకోవాలన్నా అంతే మంది కావాలి.

అయితే 30 వేలు చిన్న సంఖ్య కాబట్టి అదే తేలిక అనుకోకండి. అవతలి పార్టీకి ఓటేసిన మనిషి మనసు మార్చడం చాలా కష్టం. మీకు అనుకూలంగా ఉండి కూడా ఓటుకు రానివాడిని తీసుకురావడం అంతకంటే సులువు, చాలాసార్లు చివరి పది రోజుల్లో కూడా సాధ్యమే. అందుకే ప్రతి నియోజకవర్గానికీ ఒక పేరా రాయించండి: మనకు కావాల్సిన ఓట్లు ఎన్ని, అవి ఎవరి దగ్గరున్నాయి, వాళ్ళు ఎందుకు రావాలి. మూడో ప్రశ్నకు జవాబు రాయలేకపోతే ఆ సీటు అంకెల్లో ఎంత దగ్గరగా కనబడినా మీకు దూరమే.

సామాజిక వర్గాల లెక్కలు వేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. "ఫలానా వర్గం ఇంత శాతం, కాబట్టి ఇన్ని ఓట్లు మనవే" అని గీత గీసేవాళ్ళను నమ్మకండి. ఒకే వర్గంలో వయసును బట్టి, ఆడామగను బట్టి, ఉపాధిని బట్టి ఓటు మారుతుంది. పైగా మతం, కులం పేరుతో ఓటు అడగడం భారత్ లాంటి చోట్ల చట్టప్రకారం అవినీతికర చర్య. లెక్క ఎవరి అవసరాలు ఏమిటో తెలుసుకోవడానికే. మనుషులను గుంపులుగా కట్టి పక్కన పెట్టుకోవడానికి కాదు.

5. గెలిచే అవకాశం కాదు, శ్రమ వల్ల పెరిగే అవకాశం చూడండి

జాబితా తయారీలో అసలు కిటుకు ఇదే. ఒక సీటులో మీకు గెలిచే అవకాశం నూటికి 90 ఉంది. గట్టిగా పనిచేస్తే 93 అవుతుంది. ఇంకో సీటులో 45 ఉంది, అదే శ్రమతో 58 అవుతుంది. మూడో సీటులో 5 ఉంది, ఎంత చేసినా 8 దాటదు. మొదటిది మనకు ఇష్టమైన సీటు, మూడోది మన నాయకుడి పంతం. శ్రమ పెట్టాల్సింది రెండోదాంట్లో.

ఈ అంకెలు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయినా అంచనా వేయించండి. ముగ్గురు నలుగురిని, వాళ్ళలో ఒకరైనా ఆ ప్రాంతానికి సంబంధం లేనివాళ్ళను, విడివిడిగా కూర్చోబెట్టి రాయించండి. అందరూ ఒకే గదిలో కూర్చుంటే సీనియర్ చెప్పిన అంకే అందరి అంకె అవుతుంది. అంచనాల మధ్య తేడా ఎక్కువగా ఉన్న సీట్లను పక్కన పెట్టి, అక్కడ మళ్ళీ సర్వే చేయించండి. సర్వే డబ్బు ఖర్చు పెట్టాల్సింది అలాంటి చోట్లే. అందరికీ జవాబు తెలిసిన చోట సర్వే వృథా.

6. పక్కపక్కన ఉన్నవాటిని కలిపి చూడండి

విడి సీట్ల జాబితా చూడ్డానికి బాగుంటుంది, నడపడానికి కష్టం. ఒక టీవీ ఛానల్, ఒక పత్రిక ఎడిషన్, ఒక భాష, ఒక రోడ్డు పంచుకునే ఏడెనిమిది నియోజకవర్గాలు కలిసి ఉంటే ఒక సభ, ఒక ప్రకటన, ఒక ఇన్‌ఛార్జి అన్నింటికీ పనికొస్తాయి. నాయకుడు ఒకే రోజులో నాలుగు చోట్ల మాట్లాడగలడు.

దగ్గరగా గురి పెడితే ఏమవుతుందో బ్రిటన్ లిబరల్ డెమొక్రాట్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2010లో వాళ్ళకు 23 శాతం ఓట్లు, 57 సీట్లు. 2019లో 11.6 శాతం, 11 సీట్లు. 2024లో 12.2 శాతం, 72 సీట్లు. 2019కీ 2024కీ మధ్య ఓటు శాతం దాదాపు కదలలేదు, సీట్లు ఆరు రెట్లకు పైగా పెరిగాయి. కన్జర్వేటివ్ పార్టీ ఓటు బాగా పడిపోవడం వాళ్ళకు కలిసొచ్చింది, నిజమే. కానీ ఆ పతనం జరిగినప్పుడు రెండో స్థానంలో సిద్ధంగా ఉండటం ముఖ్యం. ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలో తాము రెండో స్థానంలో ఉన్న చోట్ల శ్రమంతా పోగుచేశారు, లేబర్ మద్దతుదారులు కూడా అక్కడ వాళ్ళకు ఓటేశారు. నాకు ఈ ఉదాహరణ మీద గౌరవం ఎక్కువ. దేశమంతా గొప్పగా కనబడాలన్న కోరికను అదుపులో పెట్టుకోవడం ఏ పార్టీకైనా చాలా కష్టమైన పని.

7. జాబితా పట్టుకుని క్షేత్రానికి వెళ్ళండి

కాగితం మీద అందంగా ఉన్న సీటులో బూత్ ఏజెంట్లే లేకపోవచ్చు. వెళ్ళి చూడాల్సినవి: ఎన్ని బూత్‌లలో పేరుపేరునా మనిషి ఉన్నాడు, ఓటర్ల జాబితాలో ఈ మధ్య ఎన్ని చేర్పులు, ఎన్ని తొలగింపులు జరిగాయి, స్థానిక నాయకుల మధ్య గొడవ ఏ స్థాయిలో ఉంది, అభ్యర్థిని జనం గుర్తుపడుతున్నారా. కొత్తగా ఇళ్ళు, పరిశ్రమలు వచ్చిన చోట ఓటర్లు సగం కొత్తవాళ్ళై ఉండొచ్చు, పాత ఫలితం అక్కడ ఏమీ చెప్పదు.

వెళ్ళేవాళ్ళు స్థానిక ఇన్‌ఛార్జికి చెప్పకుండా ఒక రోజు తిరగాలి, చెప్పి ఒక రోజు తిరగాలి. రెండు రోజుల్లో విన్న మాటలు పోల్చుకుంటే చాలా విషయాలు బయటపడతాయి.

8. కంచుకోటను లెక్కలో నుంచి తీసేయకండి

లక్ష్య జాబితా అంటే గెలవాల్సిన కొత్త సీట్లే అనుకుంటారు. కాపాడుకోవాల్సినవీ అందులో ఉండాలి. 2010లో స్కాట్లాండ్‌లో 41 సీట్లు గెలిచిన లేబర్ పార్టీకి 2015లో మిగిలింది ఒక్కటే. ఆస్ట్రేలియాలో కూయాంగ్ స్థానం తరతరాలుగా లిబరల్ పార్టీది, దాని పూర్వ పార్టీలది. 2022లో అప్పటి ఆర్థిక మంత్రి జాష్ ఫ్రైడెన్‌బర్గ్ అక్కడ స్వతంత్ర అభ్యర్థి మోనిక్ ర్యాన్ చేతిలో ఓడిపోయారు.

కోట కూలే ముందు కొన్ని సూచనలు కనబడతాయి. మెజారిటీ అలాగే ఉన్నా పోలింగ్ శాతం వరుసగా తగ్గుతుంటుంది. పాత కార్యకర్తల స్థానంలో కొత్తవాళ్ళు రారు. అభ్యర్థి ఎన్నికలప్పుడే కనబడతాడు. ఇందులో రెండు ఉంటే ఆ సీటును సురక్షితం అన్న గడిలో నుంచి తీసి పోటీ ఉన్న గడిలో వేయండి.

9. వనరులు పంచేటప్పుడు పొరపాటుకు చోటు ఉంచండి

సీట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా గెలవవు, ఓడవు. ఒకే రకమైన ఓటర్లు ఉన్న ప్రాంతాలు ఒకేసారి ఒకే వైపు జరుగుతాయి. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలో విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి సుమారు 78 వేల ఓట్ల తేడాతో డొనాల్డ్ ట్రంప్ వైపు వెళ్ళాయి. ఆ మూడూ తమవేనని డెమొక్రాట్లు గట్టిగా నమ్మారు. అభ్యర్థిత్వం ఖరారయ్యాక హిల్లరీ క్లింటన్ విస్కాన్సిన్‌లో ఒక్కసారి కూడా ప్రచారానికి వెళ్ళలేదు. అంచనా ఒక చోట తప్పితే అలాంటి ప్రతి చోటా తప్పుతుందని ముందే అనుకోవాలి.

నా సలహా: మీకు 100 సీట్లు కావాలంటే 100 మీదే గురి పెట్టకండి, 125 నుంచి 140 దాకా పెట్టుకోండి. వనరుల్లో దాదాపు ఐదో వంతు ముందే పంచేయకుండా చేతిలో ఉంచుకోండి. చివరి మూడు వారాల్లో ఎక్కడ దగ్గరికొచ్చామో తెలిశాక అది పనికొస్తుంది. దేశవ్యాప్తంగా మీ ఓటు 3 శాతం పెరిగితే ఏ సీట్లు పోటీలోకి వస్తాయి, 3 శాతం తగ్గితే ఏవి ప్రమాదంలో పడతాయి అన్న రెండు జాబితాలు పక్కనే ఉండాలి. గాలి ఎటు తిరిగినా కొత్తగా టెన్షన్ పడి లెక్కలు వేయాల్సిన పని ఉండదు.

ఖర్చు నియమాలు కూడా చూసుకోండి. భారత్‌లో అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. బ్రిటన్‌లో రెండింటికీ ఉంది. ఒక నియోజకవర్గంలో ఎంత పోగుచేయగలరన్నది దీన్ని బట్టే ఉంటుంది.

10. పొత్తు ఉంటే జాబితా మళ్ళీ మొదటి నుంచి

పొత్తులో రెండు పార్టీల ఓట్లు కూడితే వచ్చే మొత్తం కాగితం మీదే. బదిలీ ఎంత జరుగుతుందో పాత ఉప ఎన్నికల్లో, స్థానిక ఎన్నికల్లో వెతకండి. కొన్నిసార్లు పోటీ నుంచి తప్పుకోవడమే పెద్ద వ్యూహం. 2024 ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల తొలి రౌండ్‌లో అతి మితవాద పార్టీ నేషనల్ ర్యాలీ మొదటి స్థానంలో ఉంది. రెండో రౌండ్‌కు ముందు వామపక్ష కూటమి, అధ్యక్షుడు మాక్రాన్ కూటమి 200కు పైగా చోట్ల తమ అభ్యర్థులను తప్పించాయి. చివరికి సీట్లలో నేషనల్ ర్యాలీ మూడో స్థానానికి దిగింది. సీట్ల పంపకంలో కూర్చున్నప్పుడు మీ ఐదో మెట్టులోని అంకెలు బయట పెట్టకండి, కానీ వాటిని చూసే బేరమాడండి. పది మామూలు సీట్ల కంటే మీ శ్రమకు కదిలే ఆరు సీట్లు మేలు.

11. జాబితాలో లేని ప్రాంతాలకు ఏం చెప్పాలి

అబద్ధం చెప్పకండి. "మీరూ మాకు ముఖ్యమే" అని చెప్పి పోస్టర్లు కూడా పంపకపోతే ఆ కార్యకర్తలు మళ్ళీ రారు. ఈసారి మీ నియోజకవర్గానికి నాయకుడి సభ ఉండదు, కారణం ఇదీ అని ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆ తర్వాత నిజమైన పని ఇవ్వండి: ప్రతి బూత్‌లో ఇద్దరు మనుషులను నిలపడం, ఓటర్ల జాబితా సరిచేయించడం, ఓటు శాతాన్ని 12 నుంచి 18కి తేవడం. దగ్గర్లో పోటీ సీటు ఉంటే వారాంతాల్లో అక్కడ సాయం చేయమని అడగండి, ప్రయాణం, భోజనం ఖర్చు పార్టీయే భరించాలి.

మంచి అభ్యర్థిని అక్కడ కూడా నిలబెట్టండి. అక్కడి ఓటర్లు కూడా ఈ దేశ పౌరులే, వాళ్ళ ముందుకు ఓ సరైన మనిషిని పంపడం పార్టీ బాధ్యత. వ్యూహం దృష్టితో చూసినా వచ్చే ఎన్నికలో రెండో స్థానం అక్కడే పుట్టాలి.

12. జాబితాను ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చకూడదు

పోలింగ్‌కు ఏడాది ముందు మొదటి జాబితా, ఆరు నెలల ముందు క్షేత్ర పరిశీలన తర్వాత రెండోది, అభ్యర్థులు ఖరారయ్యాక మూడోది. చివరి నెలలో వారానికి ఒకసారి సమీక్ష చాలు. రోజూ మారిస్తే కింద పనిచేసేవాళ్ళు దేన్నీ నమ్మరు. ఒక సీటును చేర్చాలన్నా తీసేయాలన్నా కొత్త సమాచారం ఉండాలి: సర్వే, అభ్యర్థి మార్పు, పొత్తు, ప్రత్యర్థి చీలిక. ఎవరో ఫోన్ చేశారన్నది కారణం కాదు. ప్రతి మార్పుకూ తేదీ, కారణం, ఎవరు అడిగారన్నది ఒక పుస్తకంలో రాయండి.

ఫలితాలు వచ్చిన వారంలోనే ఆ పుస్తకం తెరవండి. ప్రతి సీటు పక్కన మీరు వేసిన అంచనా, వచ్చిన ఓటు, పెట్టిన ఖర్చు రాయండి. 45 నుంచి 58కి పెరుగుతుందనుకున్న సీట్లలో నిజంగా సగానికి పైగా గెలిచారా? గెలిచిన రోజున ఎవరికీ ఈ పని మీద మనసు ఉండదు, ఓడిన రోజున అసలే ఉండదు. అయినా అప్పుడే కూర్చోవాలి, ఎందుకంటే రెండు నెలలు గడిస్తే ఎవరు ఏ అంచనా వేశారో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు.